‘బాగానే వస్తుంది’ అన్న మాట ఖరీదు

“అంకుల్, చార్జింగ్ ఎంతసేపు వస్తుంది?” అని అడిగింది, నా పాత ల్యాప్‌టాప్ కొనడానికి వాళ్ల నాన్నగారితో వచ్చిన అమ్మాయి.

“బాగానే వస్తుందమ్మా” అన్నాను.

ఆరేళ్ల నాటి ల్యాప్‌టాప్ అది. చివరి రెండేళ్లూ టేబుల్ మీదే, ప్లగ్గుకే ఉండిపోయింది. ప్లగ్గు తీస్తే గంట కూడా రాదని నాకు తెలుసు. తెలిసే ‘బాగానే’ అన్నాను. ఆ అమ్మాయి ఇంకేం అడగలేదు. చార్జర్ పిన్ను మెల్లగా ఊడదీసింది, స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచింది, ఏదో వీడియో పెట్టుకుని కూర్చుంది. వాళ్ల నాన్నగారితో నేను మాట్లాడుతున్నానే గానీ నా చూపంతా స్క్రీన్ మూలనున్న అంకె మీదే ఉంది. 100. 96. 91. పది నిమిషాలు తిరిగేసరికి 78. ఆమె అంకె వైపు చూసింది, నా వైపు చూడలేదు. పిన్ను మళ్లీ గుచ్చి, “ఆలోచించుకుని చెప్తాం అంకుల్” అంటూ లేచింది.

వాళ్లు ధర తగ్గించమని కూడా అడగలేదు. నాకు ఎక్కువ గుచ్చుకున్నది అదే. ధర ఎక్కువనిపిస్తే మనిషి బేరం ఆడతాడు. నమ్మకం పోతే బేరం కూడా ఆడడు, లేచి వెళ్లిపోతాడు.

గత ఏడాది జరిగిన సంగతి ఇది. అప్పట్నుంచి నా బుర్రలో నలుగుతూనే ఉంది. ఇప్పుడు ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ కూడా అమ్మాల్సి రావడంతో మళ్లీ మొదటి నుంచి ఆలోచించాను. నేను చేరుకున్న అభిప్రాయం ఇదీ: పాత కంప్యూటర్‌కి న్యాయమైన ధర అంటే, నాకు తెలిసినదంతా కొనేవాళ్లకి కూడా తెలిశాక, వాళ్లు మనసు కష్టపెట్టుకోకుండా ఇవ్వగలిగిన ధర. వినడానికి తేలికే. పాటించబోతే అడుగడుగునా సందేహాలు వస్తాయి. ఆ సందేహాల గురించే ఈ పోస్టు.

## కొన్న ధర పక్కన పెట్టాలి

ఆ ల్యాప్‌టాప్‌కి మొదట ధర ఎలా వేశానో చెబుతాను. కొన్నప్పటి బిల్లు తీశాను. అందులో సగం అనుకున్నాను. మధ్యలో ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వేసే, దానికంటే చాలా వేగంగా నడిచే స్టోరేజీ) వేయించాను కదా అని ఆ ఖర్చు కలిపాను. బేరంలో తగ్గించడానికి ఉండాలని పైన ఇంకొంత వేశాను. ఆ లెక్క నిండా నా ఖర్చులే ఉన్నాయి. కొనే మనిషి ఎక్కడా లేడు.

బిల్లు మీది అంకె మనసులోంచి అంత తేలిగ్గా పోదు. ఈఎంఐ కట్టిన నెలలు, దాని ముందు కూర్చుని తెల్లవార్లూ చేసిన పనులు, అన్నీ ఆ అంకెకి అతుక్కుని ఉంటాయి. మనుషులు ధరల గురించి ఎలా ఆలోచిస్తారో పరిశోధించిన డేనియల్ కానెమన్, రిచర్డ్ థేలర్ మరో సహచరుడితో కలిసి 1990లో ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. కొందరు విద్యార్థులకి మగ్గులు ఇచ్చి, ఎంతకైతే అమ్ముతారని అడిగారు. మగ్గులు రానివాళ్లని ఎంతకైతే కొంటారని అడిగారు. మగ్గు చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు. అయినా అమ్మేవాళ్లు అడిగింది కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెండింతలు ఉంది. కాసేపు చేతిలో ఉన్న మగ్గుకే అలా ఉంటే, ఆరేళ్లు ఒళ్లో పెట్టుకుని పనిచేసిన ల్యాప్‌టాప్‌కి ఎంత ఉంటుంది!

అందుకని ఇప్పుడు నన్ను నేనొక ప్రశ్న వేసుకుంటున్నాను. ఇదే మోడల్, ఇదే కండిషన్‌లో, నాకు తెలియని ఎవరో అమ్మకానికి పెడితే నేనెంత ఇస్తాను? మొదటిసారి ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు నా నోటికి వచ్చిన అంకె, నేను అడుగుతున్న ధరలో సగం కంటే కొంచెం ఎక్కువ. అది చూసి నాకే సిగ్గేసింది.

ఎస్‌ఎస్‌డీ ఖర్చు సంగతి కాస్త వేరు. హార్డ్‌డిస్క్‌తో నడిచే మెషీన్‌కీ ఎస్‌ఎస్‌డీతో నడిచేదానికీ తేడా ఆన్ చేసిన నిమిషంలోనే తెలిసిపోతుంది. కొనేవాళ్లకి దానివల్ల నిజంగా ఉపయోగం ఉంది కాబట్టి దానికి ధర కట్టడంలో తప్పు లేదు. కాకపోతే నేను అప్పుడు పెట్టిన ఖర్చు కాదు, వాళ్లు ఈ రోజు వేయించుకుంటే అయ్యే ఖర్చు, అందులోనూ వాడినదానికి తగ్గట్టు కొంత తగ్గించి వేయాలి. అదే నేను మోజుపడి కొన్న ఖరీదైన కీబోర్డుకీ, లైట్లు వెలిగే క్యాబినెట్‌కీ వాళ్లు ఎందుకు ఇవ్వాలి? అవి నా సరదాలు.

మరి ధర ఎక్కడ చూడాలి? ఆన్‌లైన్‌లో అదే మోడల్‌కి జనం పెట్టిన ధరలు చూడటం అందరూ చేసేదే. నేనూ చేశాను. అయితే అక్కడ కనిపించేవన్నీ అడుగుతున్న ధరలు. నెల రోజులుగా కదలకుండా ఉన్న ప్రకటన మనకి చెప్పేదల్లా ఆ ధరకి ఎవరూ కొనలేదనే. సరైన ధర పెట్టినవి రెండు రోజుల్లో అమ్ముడుపోయి జాబితాలోంచి మాయమైపోతాయి, వాటిని మనం చూడనే చూడం. కాబట్టి అలా వెతికి సగటు తీస్తే, ఆ సగటు ఎప్పుడూ పైకే మొగ్గి ఉంటుంది. అమ్ముడైన ధరలు చూపించే చోటు దొరికితే అదే నిజమైన ఆధారం. దొరక్కపోతే రెండు హద్దులు పెట్టుకోవచ్చు. ఆ పనే చేయగల అతి చవకైన కొత్త మెషీన్ ఎంత? రిఫర్బిష్ చేసి, అంటే పాతదాన్ని బాగుచేసి, వారంటీతో అమ్మేది ఎంత? నాకు వారంటీ ఇచ్చే స్తోమత లేదు. రేపు మదర్‌బోర్డు పోతే నేను మార్చి ఇవ్వను. కాబట్టి నా ధర ఆ రెండింటికీ కింద, చెప్పుకోదగ్గంత కింద ఉండాలి.

## అమ్మేది మెషీన్‌ని కాదు, మిగిలిన ఏళ్లని

ఈ మాట నాకు అర్థమవడానికి చాలా కాలం పట్టింది. ఎన్నేళ్లు వాడాం అన్నదాని మీద ధర కడతాం గానీ, కొనేవాళ్లకి కావలసింది ఇంకా ఎన్నేళ్లు వాడుకోవచ్చన్నది. ఈ రెండూ ఒకదానికొకటి తలకిందులని అనుకుంటాం. ఎప్పుడూ అలా ఉండదు.

ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్లు 2017లో వచ్చాయి. ఆ ఏడాది చివర్లో ఏడో జనరేషన్ ల్యాప్‌టాప్, ఎనిమిదో జనరేషన్ ల్యాప్‌టాప్ షాపులో ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉండేవి. ధరలో తేడా కొంచెమే. కొన్నవాళ్లకి వాడకంలోనూ ఏళ్ల తరబడి పెద్ద తేడా తెలిసి ఉండదు. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ గీత గీసింది. టీపీఎం 2.0 (భద్రత కోసం పెట్టే చిప్) ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీ అయితే రైజన్ 2000 సిరీస్ నుంచి. ఆ తర్వాత 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్లకి పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి, అంతే. ఒకే ఏడాది కొన్న రెండు మెషీన్లలో ఒకదానికి రోడ్డు ఇంకా ఉంది, రెండోదానికి అయిపోవచ్చింది. ఈ విషయం తెలిసి కూడా, “2017 మోడలేనండీ, బాగా చూసుకున్నాను” అని రెండింటికీ ఒకే ధర చెబితే అది న్యాయం కాదు.

విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటే ఆ ఏడో జనరేషన్ ల్యాప్‌టాప్ ఇంకో ఐదేళ్లు హాయిగా పనిచేస్తుంది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, నేనే ఒకదాని మీద వేసుకుని వాడుతున్నాను. ఇక్కడ నాకు కొంత సందిగ్ధం ఉంది. వస్తువులో ఇంకా సత్తా ఉన్నప్పుడు దాన్ని తుక్కు ధరకి ఇవ్వడం వస్తువుని అవమానించినట్టు అనిపిస్తుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందనీ, సరిగ్గా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి వచ్చింది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. వాడగలిగిన మెషీన్‌ని ఆ కుప్పలోకి తోసేయకూడదని నా గట్టి పట్టుదల. అయినా ధర కట్టేటప్పుడు లైనక్స్ వేసుకోగల మనిషిని ఊహించుకుని కడితే, ఆ సంగతే తెలియని మనిషి వచ్చి ఆ ధర ఇచ్చి పోతాడు. అందుకని నేను చేసేది ఏమిటంటే, వచ్చిన మనిషి దాన్ని ఎలా వాడతారో ముందు అడుగుతాను. బ్యాంకు పనులకీ, పిల్లల చదువుకీ అయితే, వద్దని నేనే చెబుతాను. ఒకసారి అలా చెప్పాను కూడా. మా ఇంట్లోవాళ్లకి నచ్చలేదు.

ల్యాప్‌టాప్‌లో మిగిలిన ఏళ్లని మింగేసే మొదటి వస్తువు బ్యాటరీ. అదృష్టం ఏమిటంటే దాని లెక్క దాచిపెట్టినా దాగదు. ఆ అమ్మాయి వెళ్లిన రాత్రి నేను కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ బ్యాటరీ రిపోర్టు తీశాను. డిజైన్ కెపాసిటీ 41,000 మిల్లీవాట్ అవర్లు. ఇప్పుడు నిండా చార్జ్ అయితే నిలిచేది 16,800. అంటే 41 శాతం. యాపిల్ వాళ్ల మ్యాక్‌లలో అయితే చార్జింగ్ సైకిళ్ల సంఖ్య, అంటే మొత్తం బ్యాటరీకి సరిపడా చార్జి ఎన్నిసార్లు ఖర్చయిందన్నది, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కనిపిస్తుంది. ఈ మధ్య వచ్చిన మ్యాక్‌బుక్ బ్యాటరీలకి యాపిల్ చెప్పేది 1000 సైకిళ్లు. నా మెషీన్‌లో ఆ 41 శాతం చూశాక ‘బాగానే’ అన్న మాటకి ఇక చోటు లేదు. కొత్త బ్యాటరీ వేయించడానికి ఎంతవుతుందో కనుక్కుని అంత మొత్తం ధరలోంచి తీసేశాను.

మొత్తం తీసేయాలా, సగమా అన్నది నేను చాలాసేపు తేల్చుకోలేకపోయాను. కొత్త బ్యాటరీ వేస్తే ఆ మెషీన్ ఆరేళ్ల మెషీన్ కంటే మెరుగవుతుంది కదా, ఆ మెరుగు వాళ్లకి ఉచితంగా ఎందుకు? లెక్క ప్రకారం ఆ వాదన సరైనదే. అయితే అందులో వాళ్ల తిరుగుడూ, డూప్లికేట్ బ్యాటరీ అంటగడతారేమోనన్న టెన్షనూ ఉన్నాయి. ఆ రెండింటికీ నేను ధర కట్టలేను. మొత్తం తీసేస్తే సరిపోతుందనిపించింది.

ఇక మిగతావి త్వరగా చెప్పేస్తాను. ర్యామ్ పెంచుకోవడానికి స్లాట్ ఉందా, లేక బోర్డుకే సోల్డర్ చేసేశారా అన్నది చూడాలి. సోల్డర్ చేసిన 8 జీబీ అంటే అక్కడితో ఆగిపోయినట్టే. హార్డ్‌డిస్క్ ఉంటే ఎన్ని గంటలు నడిచిందో, పాడైన సెక్టార్లు ఏమైనా ఉన్నాయో, డిస్క్ తన పరిస్థితిని తానే నమోదు చేసుకునే ‘స్మార్ట్’ రిపోర్టులో కనిపిస్తుంది. స్క్రీన్ మీద ఒక తెల్ల పేజీ, ఒక నల్ల పేజీ పెట్టి చూపిస్తే మచ్చలు వాటంతటవే బయటపడతాయి. గీతలు, సొట్టలు ఫొటోలో కనిపించేవే, వాటి గురించి గంటలు వాదించుకోనక్కర్లేదు.

## ఎవరి అవసరానికి ఎంత ధర?

కంప్యూటర్ ధర రోజురోజుకీ కిందికే పోతుందని అనుకుంటాం. నా డెస్క్‌టాప్ విషయంలో అది తప్పింది. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో ఈ మధ్య ఏదైనా కొన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్ల వైపు తరలిపోతున్నాయి. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నట్టు మెమరీ చిప్పుల కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. నా దగ్గరేమో నాలుగు 8 జీబీ స్టిక్కులు, మొత్తం 32 జీబీ. కొన్నప్పటి కంటే ఇప్పుడే వాటికి విలువ ఎక్కువ.

ఇలాంటిది ఇంతకు ముందూ చూశాం. 2020, 2021లో గ్రాఫిక్స్ కార్డులు దొరక్క, వాడేసిన కార్డుని కొత్తదాని అసలు ధర కంటే ఎక్కువకి అమ్ముకున్నవాళ్లున్నారు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ, గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ పద్ధతిని మానేశాక అవే కార్డులు గుట్టలుగా అమ్మకానికి వచ్చాయి. పైన ఉన్నప్పుడు కొన్నవాళ్లు నష్టపోయారు.

ఇక్కడ నా స్నేహితుడితో పెద్ద వాదనే అయింది. “నీకు పైసా ఖర్చు లేకుండా పెరిగిన విలువని ఇంకొకడి నెత్తిన ఎందుకు రుద్దుతావు? అది న్యాయమా?” అంటాడు. “రేపు నాకే ర్యామ్ కావాలంటే ఆ ధరకే కదా కొనాలి?” అన్నది నా జవాబు. తగ్గినప్పుడు నేను కొన్న ధరని పక్కన పెట్టాలని పైన అంతసేపు చెప్పాను. పెరిగినప్పుడు మాత్రం నేను కొన్న ధరనే పట్టుకోవాలంటే పొంతన కుదరదు. కాబట్టి పెరిగిన విలువ తీసుకోవడం నాకు తప్పనిపించలేదు. అయితే నా డెస్క్‌టాప్ కోసం అడుగుతున్న కుర్రాడికి కావలసింది కాలేజీ పనికి ఒక మెషీన్. అతనికి 16 జీబీ చాలు. 32 జీబీకి ఈ రోజు ధర వేసి మొత్తం అతని నెత్తిన పెట్టడం బాగోలేదు. రెండు స్టిక్కులు తీసి విడిగా అమ్ముదామని నిర్ణయించుకున్నాను. ఆ సంగతి అతనికి ముందే చెప్పాను, స్లాట్లు రెండు ఖాళీగా ఉంటాయనీ చెప్పాను.

అదే స్నేహితుడు తన అనుభవం ఒకటి చెప్పాడు. దాంతో నా నిర్వచనానికే చిల్లు పడింది. అతను ల్యాప్‌టాప్ అమ్మకానికి పెట్టిన రోజుల్లో రాత్రి పదిన్నరకి ఒకాయన ఫోన్ చేశాడట. తెల్లారితే ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి, తన మెషీన్ ఆన్ కావడం లేదు. “మీరెంత చెబితే అంత, ఇప్పుడే బయల్దేరుతున్నా” అన్నాడట. మావాడు అప్పటిదాకా చెబుతున్న ధరకి మూడో వంతు కలిపి చెప్పాడు. ఆయన మారుమాట్లాడకుండా ఇచ్చాడు. “లోపాలన్నీ చెప్పాను. అన్నీ తెలిసే, థాంక్స్ చెప్పి మరీ తీసుకెళ్లాడు. నీ లెక్క ప్రకారం న్యాయమే కదా?” అని అడిగాడు నన్ను.

రెండు రోజులు జవాబు తోచలేదు. నిజమే, ఆయనకి అన్నీ తెలుసు. అయినా అది సరైన ధర కాదని నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎందుకని? అంతకు ముందు పూట వచ్చిన మనిషికి చెప్పిన ధర వేరు. ఆ పూటకీ ఈ రాత్రికీ మధ్య మెషీన్‌లో ఏ మార్పూ రాలేదు, మార్కెట్‌లోనూ రాలేదు. ఆయన గొంతులోని కంగారు ఒక్కటే కొత్తగా వచ్చి చేరింది. ఆ మూడో వంతు ధర కంప్యూటర్‌కి కాదు, ఆ కంగారుకి. ర్యామ్ ధర పెరగడం అందరికీ ఒకటే, అందులో నేను ఎవరినీ వేరు చేసి చూడటం లేదు. కాబట్టి నా నిర్వచనానికి ఇంకో ముక్క కలుపుకున్నాను: ఎదుటి మనిషి ముఖం చూడకముందు వేసుకున్న ధర అయి ఉండాలి. స్నేహితుడు దీనికి ఒప్పుకోలేదు. రాత్రి పదిన్నరకి తలుపు తీసినందుకు కొంత తీసుకోకూడదా అంటాడు. కొంత తీసుకోవచ్చేమో. మూడో వంతు మాత్రం తీసుకోకూడదు.

## లోపాలు ముందే చెబితే రెండుసార్లు కోస్తారు

ఇది మా బావ మాట. “లోపం చెప్పావనుకో, దానికి కొంత తగ్గించమంటాడు. ఆ తర్వాత మామూలు బేరం మళ్లీ మొదలుపెడతాడు. నువ్వు మంచివాడివని తెలిసిపోయింది కదా, ఇంకా ఎక్కువ లాగుతాడు.” బావ చాలా వస్తువులు అమ్మినవాడు, ఊరికే అనే మాట కాదది. నాకూ ఒకసారి అలాగే జరిగింది.

అయినా ఎవరూ చెప్పకపోతే ఏమవుతుందన్నది చూడాలి. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల మార్కెట్ మీద రాసిన పేపరులో విడమర్చి చెప్పింది ఇదే. ఏది మంచిదో ఏది చెడ్డదో కొనేవాడికి తెలియనప్పుడు, అన్నింటికీ మధ్యరకం ధరే ఇస్తాడు. మంచి కారు ఉన్నవాడికి ఆ ధర గిట్టదు, అమ్మడం మానేస్తాడు. మిగిలినవాటిలో చెడ్డవి ఎక్కువవుతాయి, కొనేవాడు ఇంకా తక్కువే ఇస్తాడు. ఆ పనికే 2001లో ఆయనకి నోబెల్‌లో భాగం దక్కింది. పాత ల్యాప్‌టాప్ కొనడానికి వచ్చే ప్రతివాళ్ల ముఖంలోనూ నాకు కనిపించే అనుమానం అదే. వాళ్లు నన్ను చూసి అనుమానించడం లేదు. ఇంతకు ముందు వాళ్లకి ‘బాగానే’ అని చెప్పినవాళ్లందరి లెక్కా నా దగ్గర తీసుకుంటున్నారు. మరి నేనూ ఆ మాటే అంటే, నా తర్వాత నిజాయితీగా అమ్మబోయే మనిషి ఆ బరువు మోయాలి.

బావ చెప్పిన చిక్కుకి నేను వెతుక్కున్న దారి మామూలుదే. లోపాలన్నీ ఒక కాగితం మీద రాస్తాను. బ్యాటరీ అంకెలు, వదులైన కీ, ఎప్పుడు ఏం మార్పించాను, అన్నీ. ధర ఆ కాగితంలో అన్నింటికంటే కింద రాస్తాను. “వీటన్నింటికీ తగ్గించాకే ఈ ధర, ఇంక తగ్గదండీ” అని ముందే చెబుతాను.

బేరానికి చోటు ఉంచకూడదన్న పట్టింపు నాకు ఎందుకు వచ్చిందంటే, బేరానికని పైన వేసే ఆ కొంత చివరికి ఎవరు కడతారో గమనించాను. గట్టిగా మాట్లాడేవాళ్లు దాన్ని తగ్గించుకుని పోతారు. మొహమాటస్థులు, మొదటిసారి కంప్యూటర్ కొనేవాళ్లు, మన మాట నమ్మినవాళ్లు పూర్తిగా కట్టి పోతారు. అంటే నన్ను నమ్మినందుకు నేను వేసే జరిమానా అన్నమాట. అది తెలిశాక ఆ పని చేయబుద్ధి కాలేదు.

బావ దీనికీ ఒక మాట అన్నాడు, అదీ నిజమే. “అసలు తగ్గించకపోతే కొన్నవాడికి తృప్తి ఉండదు. మోసపోయాననుకుంటాడు.” బేరం అన్నది ధర కోసమే కాదు, ఎదుటివాళ్లు మన మాటకి విలువిచ్చారన్న భావన కోసం కూడా. ఆ తృప్తిని నేను కాదనలేను. అందుకని ధర అలాగే ఉంచి వేరేవి ఇస్తాను. మౌస్, బ్యాగ్ లాంటివి. ఒక గంట కూర్చుని నా అకౌంట్లన్నీ తీసేసి, మెషీన్‌ని పూర్తిగా రీసెట్ చేసి, వాళ్లకి కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ పెట్టి ఇస్తాను. ఈ అకౌంట్ల సంగతి చిన్న విషయం కాదు. పాత యజమాని అకౌంట్‌తో తప్ప తెరుచుకోకుండా యాక్టివేషన్ లాక్ పడి ఉన్న మ్యాక్‌నో, ఆన్ చేయగానే అడిగే బయాస్ పాస్‌వర్డ్ తీయని ల్యాప్‌టాప్‌నో అమ్మితే, కొన్నవాళ్లు ఎంత ఇచ్చినా ఎక్కువిచ్చినట్టే.

## చుట్టాలకి అమ్మేటప్పుడు

పై లెక్కలన్నీ తెలియని మనిషికి అమ్మేటప్పుడు పనికొచ్చేవే. మా చిన్నాన్న కొడుక్కి అంతకు ముందున్న డెస్క్‌టాప్‌ని బాగా తక్కువకి ఇచ్చాను. మంచి చేశాననే అనుకున్నాను. తర్వాత మూడేళ్ల పాటు ప్రింటర్ రాకపోయినా, ఇంటర్నెట్ ఆగినా ఫోన్ నాకే. తక్కువకి ఇచ్చాను కదా, ఇదీ నేనే చూడాలా అని నాకు లోపల్లోపల విసుగు. అన్నయ్య తక్కువకి ఇచ్చాడు కదా, పాడైందని ఎలా అడగాలని వాడికి ఇబ్బంది. పవర్ సప్లై పోయిన విషయం నాలుగు నెలలు నాకు చెప్పనే లేదట. మా ఇద్దరి మధ్యా ఆ మెషీన్ ఒక ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడైతే ఏం చేస్తానంటే, అందరికీ చెప్పే ధరే కాగితం మీద రాస్తాను. ఆ పక్కనే, ఇందులో ఇంత నేను నీకు ఇస్తున్నాను అని చెబుతాను. ఇచ్చేది ఇచ్చినట్టు, అమ్మేది అమ్మినట్టు ఉంటే ఎవరి మనసులోనూ లెక్క మిగలదు. అసలు కొనలేని పరిస్థితిలో ఉన్నవాళ్లయితే ధర ఊసే ఎత్తకుండా ఇచ్చేయడం మంచిది. నామమాత్రంగా ఏదో ఒకటి తీసుకుంటే, పాడైనప్పుడు నోరు తెరిచి అడగలేని స్థితిలో వాళ్లని పెట్టినట్టు అవుతుంది.

## 52 నిమిషాలు

బ్యాటరీ రిపోర్టు తీసిన మర్నాడు ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. నిన్న చెప్పింది సరిగా చెప్పలేదనీ, బ్యాటరీ 50 నిమిషాలకి మించి రాదనీ, అన్నీ రాసి ధర మళ్లీ వేశాననీ, కావాలంటే వచ్చి చూడమనీ అన్నాను. కొత్త ధర మొదట చెప్పినదానిలో 60 శాతం కంటే తక్కువ. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. “అమ్మాయిని అడిగి చెప్తానండీ” అని పెట్టేశారు.

మూడు రోజుల తర్వాత ఇద్దరూ వచ్చారు. ఆ అమ్మాయి కాగితం తీసుకుని నిలబడే చదివింది. ఒక చోట ఆగి, “షిఫ్ట్ కీ ఎడమ వైపుదా, కుడి వైపుదా అంకుల్?” అని అడిగింది. నేను అది రాయలేదు. పెన్ను తీసుకుని ‘కుడి’ అని చేర్చాను. తర్వాత ఆమె మూత రెండు మూడుసార్లు తెరిచి మూసి, కీలు దగ్గర చెవి పెట్టి వింది. చిన్న కిర్రుమన్న చప్పుడు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ గమనించలేదు. దానికి ఎంత తగ్గించాలో నాకు తోచక, “మరి దీనికి...” అన్నాను.

“తగ్గించమని కాదు అంకుల్, అదీ రాయండి” అంది.

రాశాను. అప్పుడామె మొన్నటిలాగే పిన్ను ఊడదీసి, వెలుగు పెంచి, వీడియో పెట్టింది. ఈసారి పది నిమిషాలకి లేవలేదు. వాళ్ల నాన్నగారు చేతి గడియారం విప్పి టేబుల్ మీద, ల్యాప్‌టాప్ పక్కన పెట్టారు. ముగ్గురం అవీ ఇవీ మాట్లాడుకుంటూ కూర్చున్నాం. 40 దాటింది, 20 దాటింది, 7 దగ్గర హెచ్చరిక వచ్చింది. స్క్రీన్ నల్లబడగానే ఆయన గడియారం చేతిలోకి తీసుకుని చూశారు.

“52 నిమిషాలు” అన్నారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, డబ్బు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.